రోజుకి 84 యూనిట్లు: బిట్‌కాయిన్ బిల్లు ఎవరి మీటరు మీద?

యాంట్‌మైనర్ ఎస్21 అనే యంత్రం పొడవు 40 సెంటీమీటర్లు, వెడల్పు 20కి కాస్త తక్కువ. చంకలో పెట్టుకుని పోవచ్చు. ప్లగ్గు పెడితే 3,500 వాట్లు లాగుతుంది. పగలూ రాత్రీ ఆపకుండా నడిపితేనే గిట్టుబాటయ్యే సరుకు కాబట్టి రోజుకి 84 యూనిట్లు కాలుతుంది. నందిగామ దగ్గరి వీరులపాడు మండలంలో పత్తికో మిర్చికో నీళ్ళు పెట్టే 5 హెచ్‌పీ మోటారు గంటకి 3.7 యూనిట్ల లెక్కన, వ్యవసాయానికి ఇచ్చే 9 గంటల కరెంటునీ పూర్తిగా వాడుకున్నా, రోజుకి 34 యూనిట్ల దగ్గర ఆగుతుంది. అంటే ఆ పెట్టె ఒక్కటీ రెండున్నర బోర్ల కరెంటు తాగుతుంది. నీళ్ళు మాత్రం రావు. వచ్చేదల్లా వేడి, చెవులు గింగురుమనే ఫ్యాన్ల మోత, వాటితో పాటు రోజుకి ఒక బిట్‌కాయిన్‌లో పదివేలవ వంతు.

ఈ మండలంలో ఎవరో ఇలాంటి పెట్టెలు నడుపుతున్నారని కాదు. ఇది కాగితం మీది లెక్క. ఒక దేశం బిట్‌కాయిన్‌ని నెత్తికెత్తుకోవాలా వద్దా అన్న చర్చ మన దగ్గర ఎప్పుడూ ధర చుట్టూనే తిరుగుతుంది: ఎంత పెరిగింది, ఎంత పడింది, ఎవరు కొన్నారు, ఎవరు మునిగారు. కింద తిరిగే మీటరు సంగతి ఎవరికీ పట్టదు. కజకిస్థాన్ నుంచి టెక్సస్ దాకా ప్రభుత్వాలు తల పట్టుకున్నది మాత్రం ఆ మీటరు దగ్గరే. అది ఏ రేటుకి తిరుగుతోంది, ఏ గంటలో తిరుగుతోంది అన్నవే వాళ్ళకి ఎదురైన ప్రశ్నలు. అదే లెక్క నందిగామ మెట్ట వైపు నుంచి వేసి చూద్దాం.

ఎంత పోసినా 450యే

బిట్‌కాయిన్ 2009 జనవరి 3న మొదలైంది. దాన్ని ముద్రించే బ్యాంకంటూ లేదు. ఇంచుమించు పది నిమిషాలకోసారి లావాదేవీలన్నిటినీ ఒక కట్టగా కట్టి ఉమ్మడి ఖాతా పుస్తకంలో చేరుస్తారు. ఆ కట్ట చేర్చే హక్కు ఎవరిదో పందెం తేలుస్తుంది. ప్రపంచమంతటా యంత్రాలు గుడ్డిగా అంకెలు వేసి చూస్తుంటాయి. నిబంధనకి సరిపడే జవాబు ఎవరికి ముందు తగిలితే వాళ్ళకి బహుమతి. ఈ పందేన్నే మైనింగ్, అంటే తవ్వకం, అంటారు. ఇందులో తెలివితేటలకి పని లేదు, ఎన్నిసార్లు వేసి చూశారన్నదే లెక్క. మన ఎస్21 సెకనుకి 200 లక్షల కోట్ల సార్లు వేసి చూస్తుంది.

2024 ఏప్రిల్ 20 నుంచి కట్టకి బహుమతి 3.125 బిట్‌కాయిన్లు. రోజుకి 144 కట్టలు, కాబట్టి రోజుకి 450 నాణేలు. యంత్రాలు రెట్టింపైతే నాణేలు రెట్టింపవుతాయా అంటే కావు. ప్రతి 2,016 కట్టలకోసారి, అంటే రెండు వారాలకోసారి, పందెం ఎంత కష్టంగా ఉండాలో ఆ వ్యవస్థే సరిచేసుకుంటుంది. పోటీదారులు పెరిగితే పందెం బిగుసుకుంటుంది, తగ్గితే సడలుతుంది. జగ్గయ్యపేట చుట్టూ ఉన్న సిమెంటు ఫ్యాక్టరీలకి కరెంటు రెట్టింపు ఇస్తే, సున్నపురాయి ఉన్నంతవరకూ, సిమెంటు రెట్టింపు వస్తుంది. టన్ను సిమెంటుకి 75 నుంచి 100 యూనిట్లు పడతాయి కాబట్టి మన 84 యూనిట్లకి 20 బస్తాలు లెక్క. బిట్‌కాయిన్‌కి కరెంటు పదింతలు చేసినా ప్రపంచం మొత్తానికి వచ్చేవి రోజుకి ఆ 450 నాణేలే. ఈ పరిశ్రమకి కరెంటు ఇవ్వాలా వద్దా అని ఏ ప్రభుత్వం ఆలోచించినా ముందు ఈ తేడా దగ్గర ఆగాలి. అదనపు యూనిట్‌కి అదనపు సరుకు రాని పరిశ్రమలు లోకంలో ఎక్కువ లేవు.

ఆ పందెం మొత్తానికి ఏడాదికి 13,800 కోట్ల యూనిట్లు పడుతోందని కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2025 ఏప్రిల్‌లో ఇచ్చిన అంచనా. ప్రపంచం వాడే కరెంటులో ఇది అర శాతం. అర శాతమంటే చిన్నదిగానే వినిపిస్తుంది. ఇబ్రహీంపట్నం దాకా తెచ్చి కొలిస్తే వేరుగా కనిపిస్తుంది. అక్కడి డాక్టర్ నార్ల తాతారావు థర్మల్ కేంద్రంలో 210 మెగావాట్ల పాత యూనిట్లు ఆరు, 500 మెగావాట్లది ఒకటి, 2023లో వచ్చిన 800 మెగావాట్లది ఒకటి, మొత్తం 2,560 మెగావాట్లు. బాయిలర్ ఒక్క రోజు కూడా ఆగకుండా, బొగ్గు ఒక్క రోజు కూడా తగ్గకుండా ఏడాదిలో 8,760 గంటలూ పూర్తి సామర్థ్యంతో నడిస్తే వచ్చేది 2,243 కోట్ల యూనిట్లు. ఏ థర్మల్ కేంద్రమూ అలా నడవదు. నడిచిందనుకున్నా బిట్‌కాయిన్‌కి అలాంటివి ఆరు కావాలి.

నాణెం చొప్పున చూస్తే ఏడాదికి 1,64,250 కొత్త నాణేలు, ఒక్కోదానికి 8.4 లక్షల యూనిట్లు. బహుమతి నాలుగేళ్ళకోసారి సగమవుతుంది. 2028లో మళ్ళీ సగమైనప్పుడు కరెంటు వాడకం ఇలాగే ఉంటే ఆ అంకె 16.8 లక్షలవుతుంది.

ఇదంతా క్రిప్టో అన్నాక తప్పనిసరి అనుకోనక్కర్లేదు. రెండో పెద్ద నాణెం ఈథీరియం 2022 సెప్టెంబర్ 15న ఈ పందెం పద్ధతినే వదిలేసింది. నాణేలు తాకట్టు పెట్టినవాళ్ళకే కట్ట చేర్చే హక్కిచ్చే పద్ధతికి మారి, కరెంటు వాడకాన్ని 99.95 శాతం తగ్గించుకుంది. బిట్‌కాయిన్ వర్గం ఆ దారి పట్టలేదు. కరెంటు ఖర్చే తమ నాణేనికి కాపలా అని వాళ్ళ వాదన. వాదనలో పస లేకపోలేదు. ఆ కాపలా జీతం ఎవరు ఇస్తున్నారన్న దగ్గరే పేచీ.

చట్టం చేసిన దేశాలు, చీకట్లో పడ్డ దేశాలు

మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్ పార్లమెంటు 2021 జూన్ 9న, 84 మందిలో 62 మంది ఓటుతో, బిట్‌కాయిన్‌ని చట్టబద్ధ ద్రవ్యం చేసింది. సెప్టెంబర్ 7న అమలు. ప్రభుత్వ యాప్ దింపుకున్న ప్రతి పౌరుడికీ 30 డాలర్ల బహుమానం. ఆర్థికవేత్తలు 1,800 కుటుంబాలను సర్వే చేస్తే బిట్‌కాయిన్ పుచ్చుకుంటున్న వ్యాపారాలు ఐదింట ఒకటే అని తేలింది. విదేశాల నుంచి కూలీలు ఇంటికి పంపే డబ్బులో క్రిప్టో ద్వారా వచ్చేది 2 శాతం లోపే. చివరికి 140 కోట్ల డాలర్ల ఐఎంఎఫ్ అప్పు కోసం 2025 జనవరి 29న చట్టం సవరించారు. ఇప్పుడు తీసుకోవడం ఎవరిష్టం వాళ్ళది.

అదే దేశంలో కరెంటు కథ వేరు. అగ్నిపర్వతం వేడితో నడిచే బెర్లిన్ విద్యుత్ కేంద్రం 102 మెగావాట్లది. అందులో 1.5 మెగావాట్లు మాత్రమే మైనింగ్‌కి కేటాయించి, 300 యంత్రాలతో, మూడేళ్ళకి కాస్త తక్కువలో 474 బిట్‌కాయిన్లు తీశారు. నాణెం ప్రజలకి అంటకపోయినా ఆ చిన్న ప్రయోగం వల్ల ఎవరి ఇంట్లోనూ దీపం ఆరలేదు. సొంత కరెంటు, కొలిచిన వాటా. తర్వాత దెబ్బతిన్న దేశాలన్నీ ఈ రెంటిలో ఒకటి లేనివే.

మధ్య ఆఫ్రికా రిపబ్లిక్ 2022 ఏప్రిల్‌లో అదే బాట పట్టింది. జనంలో కరెంటు అందేది 15 శాతం మందికి. కరెంటు లేనిచోట ఫోన్లో డబ్బు ఎలా అని అడిగినవాళ్ళకి జవాబు రాలేదు. మరుసటి ఏడాది చట్టం వెనక్కి వెళ్ళింది.

2021లో చైనా మైనింగ్‌ని నిషేధించింది. 2019లో ప్రపంచ మైనింగ్‌లో మూడు వంతులు అక్కడే జరిగేది. ఆ యంత్రాల్లో చాలా భాగం లారీలెక్కి పొరుగున ఉన్న కజకిస్థాన్‌కి చేరాయి. అక్కడ బొగ్గు కరెంటు చవక. ఆగస్టుకల్లా ప్రపంచ మైనింగ్‌లో ఆ దేశం వాటా 18 శాతం. ఏడాది తిరిగేసరికి లోటు వచ్చింది. 2022 జనవరి ఆఖర్లో, గడ్డకట్టే చలిలో, గ్రిడ్ సంస్థ మైనర్లకి కరెంటు కోసేసింది. తర్వాత వాళ్ళు నేర్చుకున్నదేమిటంటే, యూనిట్‌కి విడిగా పన్ను వేయడం, గ్రిడ్‌లో మిగులున్నప్పుడే కొనుక్కోమనడం. చైనా సంగతి మరీ విచిత్రం: నిషేధం తర్వాత సున్నా అయిన వాటా 2022 జనవరికల్లా మళ్ళీ 21 శాతంగా కేంబ్రిడ్జ్ లెక్కల్లో తేలింది. చాటుగా నడిచేదాన్ని నిషేధం ఎంత ఆపగలదో దీన్నిబట్టి అంచనా వేసుకోవచ్చు.

మన రాష్ట్రానికి దగ్గరగా అనిపించేవి ఇరాన్, కొసొవో. ఇరాన్‌లో కరెంటు మీద సబ్సిడీ భారీ. 2019లో మైనింగ్‌ని చట్టబద్ధం చేసి లైసెన్సులిచ్చారు, రేటు ఎక్కువ పెట్టారు. లైసెన్సున్నవాళ్ళు వాడేది 300 మెగావాట్లైతే, దొంగచాటువి 2,000 మెగావాట్ల దాకా ఉన్నాయని 2021లో సాక్షాత్తూ అప్పటి అధ్యక్షుడు రౌహానీ చెప్పారు. మసీదులకి ఉచితంగా ఇచ్చే కరెంటు మీద కూడా యంత్రాలు నడుస్తూ దొరికాయి. ఆ వేసవిలో కోతలు భరించలేక నాలుగు నెలలు లైసెన్సువాళ్ళ చేత కూడా ఆపించారు. కొసొవో ఉత్తరాన సెర్బులు ఎక్కువున్న నాలుగు మునిసిపాలిటీల్లో 1999 యుద్ధం తర్వాత రెండు దశాబ్దాలు ఎవరూ బిల్లు కట్టలేదు. మైనింగ్ యంత్రాలు వెతుక్కుంటూ వెళ్ళింది అక్కడికే. 2022 జనవరిలో ప్రభుత్వం దేశమంతటా మైనింగ్‌ని నిషేధించి దాడులు చేసింది. పాకిస్థాన్ 2025 మేలో 2,000 మెగావాట్లు మైనింగ్‌కీ ఏఐ డేటా సెంటర్లకీ అంటూ ప్రకటించింది. రాయితీ రేటు మాట ఎత్తేసరికి ఐఎంఎఫ్ ఒప్పుకోలేదు.

భూటాన్ మాత్రం ఇందులో లాభపడింది. ప్రభుత్వ పెట్టుబడి సంస్థే జలవిద్యుత్తుతో మైనింగ్ చేసి వేల బిట్‌కాయిన్లు కూడబెట్టింది. అక్కడ కూడా మనం మరిచిపోయే విషయం ఒకటుంది. 2024 దాకా ఆ దేశం మొత్తం విద్యుత్ సామర్థ్యం ఇబ్రహీంపట్నం ఒక్కదానికంటే తక్కువ. వేసవిలో నదులు పొంగితే మనకి అమ్ముతారు, చలికాలంలో మన దగ్గర కొంటారు.

మన దగ్గర చట్టం లేదు, పన్ను ఉంది

భారతదేశంలో బిట్‌కాయిన్ చట్టబద్ధ ద్రవ్యం కాదు, అలాగని నేరమూ కాదు. 2018 ఏప్రిల్ 6న రిజర్వ్ బ్యాంకు ఒక సర్క్యులర్‌తో క్రిప్టో వ్యాపారాలకి బ్యాంకుల తలుపులు మూయించింది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది.  ఈ మధ్యలో, 2019లో, సుభాష్ చంద్ర గార్గ్ కమిటీ ఒక ముసాయిదా బిల్లు ఇచ్చింది. దాని ప్రకారం క్రిప్టో కొన్నా, అమ్మినా, మైనింగ్ చేసినా పదేళ్ళ దాకా జైలు. ఆ బిల్లు పార్లమెంటు గడప తొక్కలేదు.  

చట్టం రాలేదు, పన్ను వచ్చింది. 2022 ఏప్రిల్ 1 నుంచి లాభం మీద 30 శాతం, జూలై 1 నుంచి అమ్మకం మీద 1 శాతం టీడీఎస్. ఆ 30 శాతం కింద ప్రభుత్వానికి వచ్చింది 2022-23లో 269 కోట్లు, 2023-24లో 437 కోట్లు. అయినా క్రిప్టో వాడకంలో చైనాలిసిస్ అనే సంస్థ ఇచ్చే ర్యాంకుల్లో 2023, 2024, 2025 మూడేళ్ళూ భారత్‌దే మొదటి స్థానం. జనం కొంటున్నారు, అమ్ముతున్నారు. తవ్వడం మాత్రం పెద్దగా లేదు. ఎందుకో పన్ను లెక్కలోనే ఉంది.

రిజర్వ్ బ్యాంకు సొంతంగా తెచ్చిన ఈ-రూపాయి సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 2022 డిసెంబర్ 1న మామూలు జనానికి ప్రయోగాత్మకంగా వచ్చింది. దానికి పందెమూ లేదు, యంత్రాల మోతా లేదు. రిజర్వ్ బ్యాంకు రాసుకునే ఖాతా అది. 2025 మార్చి నాటికి చలామణీలో ఉన్నది 1,016 కోట్లు. నోట్లు సుమారు 37 లక్షల కోట్లు. అంటే లక్ష రూపాయల నోట్లకి 27 రూపాయల ఈ-రూపాయి. వీరులపాడు దగ్గరి జుజ్జూరులో టీ కొట్టు ముందు కూడా క్యూఆర్ కోడ్ అట్ట వేలాడుతున్నప్పుడు ఈ-రూపాయి ఎవరికి ఏ అవసరం తీర్చాలో నాకైతే తోచదు. ఎల్ సాల్వడార్‌లో బిట్‌కాయిన్ తీర్చాలనుకున్న అవసరాన్ని మన దగ్గర యూపీఐ పైసా ఖర్చు లేకుండా తీర్చేసింది.

వీరులపాడు బిల్లు

ఇక ఇంటి మీటరు మీద ఎస్21 పెట్టారనుకుందాం. నెలకి 2,520 యూనిట్లు. ఆంధ్రప్రదేశ్‌లో 2022-23లో వచ్చిన గృహ స్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లకి రూ.1.90 చొప్పున 57 రూపాయలు, తర్వాతి 45కి రూ.3 చొప్పున 135, తర్వాతి 50కి రూ.4.50 చొప్పున 225, తర్వాతి 100కి రూ.6 చొప్పున 600, తర్వాతి 175కి రూ.8.75 చొప్పున 1,531, మిగిలిన 2,120 యూనిట్లకి రూ.9.75 చొప్పున 20,670. వెరసి 23,218 రూపాయలు. ఫిక్స్‌డ్ ఛార్జీలు, విద్యుత్ సుంకం, జనం తిట్టుకునే ట్రూఅప్‌లు (పాత ఖర్చుల సర్దుబాటు ఛార్జీలు) ఇందులో కలపలేదు. రోజుకి 774 రూపాయలు.

రాబడి చూద్దాం. ప్రపంచంలోని యంత్రాలన్నీ కలిపి 90 కోట్ల టెరాహాష్‌ల వేగంతో (ఒక టెరాహాష్ అంటే సెకనుకి లక్ష కోట్ల సార్లు వేసి చూడడం) నడుస్తున్నాయనీ, బిట్‌కాయిన్ ధర 90 లక్షల రూపాయలనీ లెక్క కోసం పెట్టుకుందాం. రెండూ రోజూ మారేవే. మన 200 టెరాహాష్‌లు అందులో 45 లక్షల్లో ఒక వంతు. రోజుకి వచ్చే 450 నాణేల్లో ఆ వంతు 0.0001 బిట్‌కాయిన్, 900 రూపాయలు. కరెంటు పోను మిగిలేది 126. మామూలు వ్యాపారమైతే పన్ను ఈ 126 మీద పడుతుంది. సెస్సుతో కలిపి 31.2 శాతం చొప్పున 39 రూపాయలు. కానీ క్రిప్టో పన్నులో కొన్న ధర తప్ప ఇంకే ఖర్చూ తీసివేయనివ్వరు. మైనింగ్ యంత్రాలకి పెట్టిన ఖర్చు కొన్న ధర కిందికి రాదని 2022 మార్చిలో ప్రభుత్వం లోక్‌సభలోనే స్పష్టం చేసింది. తవ్విన నాణేనికి కొన్న ధర సున్నా. కాబట్టి పన్ను మొత్తం 900 మీద, 281 రూపాయలు. రోజుకి 155 రూపాయల నష్టం, యంత్రం ఖరీదు పక్కన పెట్టి.

ఈ పన్ను పద్ధతి కింద కరెంటు యూనిట్ రూ.7.37 దాటితే నష్టమే. బిట్‌కాయిన్ 60 లక్షలకి పడితే ఆ గీత రూ.4.91కి దిగుతుంది. మైనింగ్ కరెంటు మీద మన దేశంలో ఏ నియంత్రణా లేదని కొందరంటారు. కాగితం మీద నిజమే. పనిచేసే నియంత్రణ ఈ పన్ను రూపంలో ఉంది, అదీ ఏ ఇంధన శాఖా అనుకుని పెట్టింది కాదు. ఖర్చు తీసివేయనివ్వకపోవడం మామూలు వ్యాపారికి అన్యాయమే. మైనింగ్‌కి మాత్రం అది చైనా నిషేధం కంటే గట్టిగా పనిచేస్తోందని నా అభిప్రాయం.

ఇంకొన్ని అడ్డంకులు ఊళ్ళోనే ఉన్నాయి. పొలాల్లో ఉండే 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఇలాంటి ఏడు పెట్టెలతో నిండిపోతుంది. ఈ యంత్రాన్ని 45 డిగ్రీలు దాటిన గదిలో నడపొద్దని తయారీదారు అంటాడు, మే నెల్లో నందిగామ బయటి గాలే ఒక్కోరోజు ఆ అంకె దాటుతుంది. ఏసీ పెడితే మీటరు ఇంకా తిరుగుతుంది. ఇంటి కనెక్షన్ మీద వ్యాపారం నడిపితే విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద రెట్టింపు రేటుతో బిల్లు వేస్తారు. యూనిట్‌కి 700 గ్రాముల బొగ్గు లెక్కన చూస్తే పెట్టె ఒక్కటీ రోజుకి 59 కిలోల బొగ్గు.

మీటరు లేని చోట

పై లెక్కంతా బిల్లూ పన్నూ కట్టేవాడికి. కట్టనివాడికి ఆ 900 రూపాయలూ మిగులే. ఇరాన్ మసీదులూ కొసొవో పల్లెలూ చెప్పేది ఇదే. మైనింగ్ చవక కరెంటు ఎక్కడుందనే కాదు, ఎవరూ కొలవని కరెంటు ఎక్కడుందని కూడా చూస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో అలాంటిది వ్యవసాయ కరెంటు. 2004లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఉచితం చేసినప్పటి నుంచీ ఎంత వాడుతున్నామన్నది ఎక్కువగా అంచనాయే.

వీరులపాడు మండలం ఉత్తరపు హద్దు దాటితే తెలంగాణ, మధిర వైపు. అక్కడ 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు. ఇటు 9 గంటలు, అదీ పగలు. పన్ను ఎగ్గొట్టి దొంగచాటుగా నడిపే పెట్టెకి అటు రోజుకి 900 రూపాయలు, ఇటు 337. మళ్ళీ చెబుతున్నా, ఇది ఊహే. కానీ వ్యవసాయ ఫీడరు వేరుచేసి గంటలు కట్టడి చేయడం ఎంత పెద్ద కాపలానో ఈ రెండంకెలే చెబుతాయి. ఆ కట్టడి రైతు కోసం, గ్రిడ్ కోసం పెట్టింది. బిట్‌కాయిన్ పేరు కూడా అప్పుడెవరికీ తట్టలేదు.

మోటార్లకి మీటర్లు పెట్టే ప్రయత్నం 2020-21లో శ్రీకాకుళం జిల్లాలో ప్రయోగాత్మకంగా జరిగింది. అప్పట్లో తెలంగాణ ముఖ్యమంత్రి కేసీఆర్ ససేమిరా అన్నారు. రైతుల భయం అర్థం చేసుకోదగ్గదే, ఇవాళ మీటరు పెట్టినవాడు రేపు బిల్లు పంపడని నమ్మకమేమిటి? దానికి జవాబు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కొలవడం. రైతు పేరున కాకుండా పది మోటార్ల గుంపుగా కొలిస్తే ఎక్కడ అర్ధరాత్రి లోడు కదలకుండా నిలబడి ఉందో సబ్‌స్టేషన్‌లోనే తెలుస్తుంది. బోరు మోటారు లోడు ఎక్కుతుంది, దిగుతుంది. మైనింగ్ లోడు గీత గీసినట్టుంటుంది.

కొలవడం పెద్ద దేశాల్లో కూడా రాజకీయమే. 2023లో అమెరికా కరెంటులో 0.6 నుంచి 2.3 శాతం దాకా మైనింగ్‌కి పోయిందని అక్కడి ఇంధన గణాంక సంస్థ అంచనా. కింది అంకెకి నాలుగింతలు పై అంకె, అంటే సరిగ్గా తెలియదన్నమాట. తెలుసుకుందామని 2024 మొదట్లో తప్పనిసరి సర్వే మొదలుపెడితే మైనింగ్ కంపెనీలు టెక్సస్‌లో కోర్టుకెళ్ళాయి, సర్వే వెనక్కి పోయింది.

టెక్సస్ గంట, విశాఖ గంట

టెక్సస్‌లో మనవాళ్ళు చాలామందే ఉన్నారు. డల్లాస్ శివార్లలో ఇల్లు కొన్న ప్రతి తెలుగు కుటుంబానికీ 2021 ఫిబ్రవరి మంచు తుపాను కరెంటు కోత గుర్తే. ఆ గ్రిడ్ మీదే రాక్‌డేల్‌లో రయట్ అనే కంపెనీ 700 మెగావాట్ల మైనింగ్ కేంద్రం నడుపుతోంది. 2023 ఆగస్టులో, ఎండలకి గ్రిడ్ వణికిన నెలలో, ఆ కంపెనీ యంత్రాలు ఆపినందుకు 3.17 కోట్ల డాలర్ల విద్యుత్ క్రెడిట్లు సంపాదించింది. అదే నెలలో తవ్వినవి 333 బిట్‌కాయిన్లు, వాటి విలువ 90 లక్షల డాలర్ల దగ్గర. తవ్వినదానికంటే తవ్వనందుకు మూడింతలకి పైగా వచ్చింది.

అడగ్గానే ఆగే పెద్ద లోడు గ్రిడ్‌కి ఉపకారమే, నిజం. సిమెంటు కొలిమిని ఒక్కసారిగా ఆపలేరు, మైనింగ్‌ని నిమిషాల్లో ఆపొచ్చు. మధ్యాహ్నం సౌర విద్యుత్తు మిగిలిపోయినప్పుడు వాడుకోవచ్చు, సాయంత్రం ఆరుకి ఆపేయొచ్చు. అయితే ఆపినందుకు డబ్బులివ్వడమా, ఆపే షరతు మీదే కనెక్షన్ ఇవ్వడమా అన్నది విద్యుత్ నియంత్రణ మండలి ముందే తేల్చుకోవాలి. టెక్సస్ ఆలస్యంగా రెండోదాని వైపు జరిగింది. 2023లో 75 మెగావాట్లు దాటిన మైనర్లు పేరు నమోదు చేసుకోవాలన్నారు. 2025లో ఇంకో చట్టంతో, ఆ స్థాయి కొత్త లోడు ఏదైనా సరే, అత్యవసర వేళ ఆపడానికి సిద్ధపడి రావాలన్నారు. మైనింగ్ అన్న పేరు పక్కన పెట్టి లోడుని చూశారు.

మనకి పనికొచ్చేది అదే. 2025 అక్టోబర్ 14న గూగుల్ విశాఖలో 1,500 కోట్ల డాలర్లతో, ఐదేళ్ళలో, గిగావాట్ స్థాయి డేటా సెంటర్ ప్రకటించింది. గిగావాట్ అంటే వెయ్యి మెగావాట్లు. 24 గంటలూ పూర్తిగా నడిస్తే ఏడాదికి 876 కోట్ల యూనిట్లు. ఇబ్రహీంపట్నంలోని కొత్త 800 మెగావాట్ల యూనిట్ క్షణం ఆగకుండా నడిచినా 701 కోట్లే. డేటా సెంటర్ బిట్‌కాయిన్ గని కాదు. కరెంటు పెంచితే పని పెరుగుతుంది, ఉద్యోగాలూ పన్నులూ ఉంటాయి. కానీ అడగ్గానే ఆగదు. మైనింగ్‌కున్న ఒకే ఒక్క సుగుణం దీనికి లేదు.

2023 జూన్‌లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం ఎండ ఉన్న గంటల్లో రేటు 10 నుంచి 20 శాతం తక్కువ, డిమాండు పెరిగే గంటల్లో 10 నుంచి 20 శాతం ఎక్కువ ఉండాలి. 10 కిలోవాట్లు దాటిన వాణిజ్య, పారిశ్రామిక కనెక్షన్లకి 2024 ఏప్రిల్ నుంచే. పనిముట్టు చేతిలో ఉంది. వెయ్యి మెగావాట్ల లోడుకి అది సరిపోతుందా, ఆ లోడు కోసం వేసే లైన్లూ సబ్‌స్టేషన్ల ఖర్చు ఎవరి టారిఫ్‌లో కలుస్తుంది అన్నవి ఇంకా రాయాల్సిన అంకెలు.

అవి రాసేది ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి. డిస్కమ్‌లు, అంటే విద్యుత్ పంపిణీ సంస్థలు, ఏటా నవంబర్ 30కల్లా మరుసటి ఏడాది ఆదాయ అవసరాల ప్రతిపాదనలు వేస్తాయి. తర్వాత బహిరంగ విచారణలు, మార్చి ఆఖరుకి టారిఫ్ ఉత్తర్వు. ఎవరైనా అభ్యంతరం రాసి పంపవచ్చు, విచారణలో నిలబడి అడగవచ్చు. అందరూ రేట్ల పట్టిక తిరగేస్తారు. దానికంటే ముందు వచ్చే అమ్మకాల అంచనా చూడాలి: ఏ వర్గానికి ఎన్ని కోట్ల యూనిట్లు, అందులో రాత్రి కూడా దిగని లోడెంత, కొరత వచ్చిన సాయంత్రం ముందు కోత పడేది ఆ లోడుకా, వీరులపాడు ఫీడరుకా.